బెంగళూరులో ఇంటి నెట్: అడ్వాన్స్ ఇచ్చే ముందు నుంచి ఇల్లు ఖాళీ చేసేదాకా

"నెట్ రావట్లేదు" అనే ఒక్క ఫిర్యాదు వెనక నాలుగు వేరువేరు జబ్బులుంటాయి. వీధిలో ఫైబర్ (నెట్‌ను వెలుతురుగా మోసుకొచ్చే సన్నని గాజు తీగ) తెగి ఉండొచ్చు. తెగకపోయినా అందులో వెలుతురు పల్చబడి ఉండొచ్చు. నెట్ ఇంటిదాకా వచ్చి వైఫై గోడ దగ్గర ఆగిపోయి ఉండొచ్చు. కంపెనీ సర్వరో, మన బిల్లో, ల్యాప్‌టాప్‌లోని వీపీఎన్నో (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రంగా కలిపే దారి) కారణం కావచ్చు. ఏది ఎక్కడ చెడిందో మనకు తెలియకపోతే కస్టమర్ కేర్ వాళ్ళు "రూటర్ ఆపి వేయండి" అంటారు, మనం వేస్తాం, అరపూట పోతుంది.

ఈ మార్గదర్శి బెంగళూరులో అద్దెకుండే తెలుగువాళ్ళ కోసం. మారతహళ్ళి, బీటీఎం, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం, ఎలక్ట్రానిక్ సిటీ, ఎక్కడున్నా వరస ఇదే. కనెక్షన్ ఇప్పటికే ఉంటే 4వ అంకె దగ్గర్నుంచి చదవండి.

1. అడ్వాన్స్ ఇచ్చే ముందు అడగాల్సినవి

ఇల్లు చూడ్డానికి వెళ్తే కావేరి నీళ్ళా, బోరా, ట్యాంకరా అని అడగనివాళ్ళుండరు. నెట్ మాట మాత్రం సామాన్లు దింపాక గుర్తొస్తుంది.

కంపెనీ వెబ్‌సైట్‌లో పిన్‌కోడ్ కొడితే "మీ ప్రాంతంలో సేవ ఉంది" అని వస్తుంది. అది వీధి సంగతి, మీ బిల్డింగ్ సంగతి కాదు. దగ్గర్లోని స్ప్లిటర్ డబ్బాలో (ఒక ఫైబర్‌ను చాలా ఇళ్ళకు పంచే డబ్బా) పోర్టు ఖాళీ లేకపోతే డబ్బు కట్టాక కూడా వారం తిప్పుతారు. అందుకే పక్కింటి తలుపు కొట్టడమే నమ్మదగ్గ పద్ధతి.

- అదే బిల్డింగ్‌లో, వీలైతే అదే వైపున ఉన్నవాళ్ళు ఏ కంపెనీ వాడుతున్నారు? పోయిన నెల ఎన్నిసార్లు పోయింది? బాగు కావడానికి గంటలు పట్టిందా, రోజులా?
- రాత్రి 9 గంటలకు స్పీడ్ ఎలా ఉంటుంది? పొద్దున పదింటి స్పీడ్ ఎవరూ లెక్కపెట్టరు.
- ఫైబర్ ఇంటి లోపలిదాకా వస్తుందా, లేక బిల్డింగ్ కింద డబ్బా పెట్టి అక్కడి నుంచి ల్యాన్ వైరు లాగారా?
- ఓనర్ గోడకు రంధ్రం వేయనిస్తారా? లోపల ఖాళీ పైపు ఉందా?
- అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్ ఏయే కంపెనీలను లోపలికి రానిస్తుంది?

మూడో ప్రశ్న అన్నిటికన్నా విలువైంది. ఫైబర్ నేరుగా ఇంట్లోకి వచ్చే పద్ధతిలో కంపెనీ ఎక్స్ఛేంజికీ మీ ఇంటికీ మధ్యనుండే స్ప్లిటర్లకు కరెంటు అక్కర్లేదు, అవి వెలుతురును పంచే గాజు ముక్కలంతే. కింద స్విచ్ డబ్బా ఉండే పద్ధతిలో ఆ డబ్బాకు కరెంటు కావాలి. బిల్డింగ్‌లో కరెంటు పోయి, మీ ఇంట్లో యూపీఎస్ ఉన్నా నెట్ పోతోందంటే కారణం సాధారణంగా ఆ డబ్బాయే.

ఉరుముల కాలంలో ఇంకో తేడా. ల్యాన్ వైరు రాగి, మెరుపు దెబ్బ దానిగుండా వచ్చి రూటర్ పోర్టును కాలుస్తుంది. ల్యాన్ కనెక్షన్ ఉన్నవాళ్ళు ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుము వినగానే వైరు ఊడదీయడం అలవాటు చేసుకోండి.

2. ప్లాన్ ఎంచుకోవడం, బిల్లు లెక్క

వీడియో కాల్‌కు 3 నుంచి 4 ఎంబీపీఎస్, 4కే వీడియోకు 15 ఎంబీపీఎస్ పోతుంది. ఇద్దరు ఇంటి నుంచి పనిచేస్తూ, ఊరినుంచి వచ్చిన పెద్దవాళ్ళు హాల్లో సీరియల్ చూస్తున్నా 100 ఎంబీపీఎస్ సరిపోతుంది. చాలా ఇళ్ళలో కొరత స్పీడ్‌ది కాదు, వైఫైది. 300కు మారి కూడా బెడ్‌రూమ్‌లో 20 దగ్గరే ఉండిపోతే ఆ అదనపు డబ్బు బూడిదలో పోసిన పన్నీరే.

ఎంబీపీఎస్ అంటే మెగాబిట్లు. 100 ఎంబీపీఎస్ లైన్‌లో ఫైలు దిగేది సెకనుకు గరిష్ఠంగా 12.5 మెగాబైట్లు. డౌన్‌లోడ్ కిటికీలో 11 కనిపిస్తే అది మోసం కాదు, మంచి స్పీడే.

ప్రకటనలో కనిపించే ధరకు 18 శాతం జీఎస్‌టీ కలుస్తుంది: 499 ప్లాన్ 588.82, 799 ప్లాన్ 942.82, 999 ప్లాన్ 1,178.82 అవుతాయి. వీటిపైన ఇన్‌స్టలేషన్ చార్జీ, రూటర్ డిపాజిట్ ఉన్నాయా అని విడిగా అడగండి. డిపాజిట్ అయితే "తిరిగి ఇస్తాం" అన్న మాట రసీదులో ఉండాలి.

"అన్‌లిమిటెడ్" అన్న మాటకూ హద్దుంటుంది. పేరున్న కంపెనీల ప్లాన్లలో అది తరచుగా నెలకు 3,300 జీబీ. మామూలు ఇంటికి ఆ హద్దు తగలదు. చిన్న ఆపరేటర్ల దగ్గర మాత్రం ఎంత దాటితే స్పీడ్ ఎంతకు పడిపోతుందో రాయించుకోండి.

ఆరు నెలలకో ఏడాదికో కడితే తగ్గిస్తామంటారు. కొత్త ఇంట్లో మొదటి నెల మాత్రం నెలవారీగానే కట్టండి. వానాకాలంలో ఆ లైన్ ఎలా ఉంటుందో చూడకుండా ఏడాది డబ్బు ముందే ఇచ్చేస్తే ఆ తర్వాత బేరమాడే శక్తి ఉండదు.

గల్లీ కేబుల్ ఆపరేటర్ దగ్గర తీసుకున్నా తప్పేం లేదు, ఒక్కోసారి వాళ్ళే ముందొచ్చి బాగు చేస్తారు. బిల్లు ఏ కంపెనీ పేరు మీద వస్తుందో మాత్రం చూసుకోండి. లైసెన్స్ ఆ కంపెనీదే, రేపు ఫిర్యాదు పైకి వెళ్ళాలన్నా ఆ పేరే కావాలి.

ఫైబర్ అసలే రాని చోట 5జీ టవర్ మీద నడిచే ఎయిర్‌ఫైబర్ లాంటివి ఉన్నాయి. బయట పెట్టే డబ్బాకూ టవర్‌కూ మధ్య బిల్డింగ్ అడ్డముంటే సిగ్నల్ పల్చబడుతుంది. పెట్టించే రోజే మేడ మీద రెండు మూడు చోట్ల చూపించి, సిగ్నల్ ఎక్కువున్న చోటే బిగించమనండి.

3. కనెక్షన్ ఇచ్చే రోజు దగ్గరుండి చూడాల్సినవి

ఆ రోజు సెలవు పెట్టినా నష్టం లేదు. తర్వాత వచ్చే చికాకుల్లో సగానికి విత్తనం ఈ గంటలోనే పడుతుంది.

ముందు సిద్ధం చేసుకోండి:

- ఆధార్, అద్దె అగ్రిమెంట్ కాపీ.
- ఓనర్ అనుమతి వాట్సాప్‌లో రాతపూర్వకంగా.
- గేటు దగ్గర సెక్యూరిటీకీ, మైగేట్ లాంటి యాప్‌లోనూ టెక్నీషియన్ ఎంట్రీ. ఇది మరిచి టెక్నీషియన్ గేటు దగ్గర్నుంచే వెనక్కి పోవడం మామూలే.
- రూటర్ పెట్టే చోట పనిచేసే ప్లగ్ పాయింటు.

*రూటర్ చోటు.* టెక్నీషియన్ గుమ్మం దగ్గరే బిగించేసి పోదామని చూస్తాడు, వైరు తక్కువ పడుతుంది కాబట్టి. ఒప్పుకోవద్దు. ఇంటి నడుమ, నేలకు మీటరున్నర ఎత్తున, నలువైపులా ఖాళీగా ఉండాలి. ఇనప డబ్బా లోపల, టీవీ వెనక, ఫ్రిజ్ పక్కన, అక్వేరియం పక్కన వద్దు.

*వైరు దారి.* ఫైబర్ అంటే గాజు. లంబకోణంలో మడిచినా, తలుపు సందులో నలిగినా, మేకు గట్టిగా కొట్టినా వెలుతురు బయటికి కారిపోతుంది. మలుపు దగ్గర కనీసం 3 సెంటీమీటర్ల వ్యాసార్థంలో గుండ్రంగా తిరగాలి. కిటికీ రెక్క కింద నుంచి తెస్తానంటే వద్దని, రంధ్రం వేయించండి.

ఆ రంధ్రం లోపలి నుంచి బయటికి వాలుగా ఉండాలి. బయట వైరు రంధ్రం కన్నా కిందికి ఒక వంపు తిరిగి పైకి రావాలి, అప్పుడు వాన నీరు వంపు దగ్గరే కారిపోతుంది. చివర సిలికాన్‌తో మూయించండి.

*జాయింట్లు.* మిషన్‌తో వేడిచేసి అతికించే జాయింట్‌లో నష్టం 0.1 డీబీ (డెసిబెల్, వెలుతురు తగ్గుదలను కొలిచే ప్రమాణం) లోపే. చేత్తో బిగించే కనెక్టర్‌లో 0.3 నుంచి 0.5 దాకా పోతుంది. ఒకటైతే పర్లేదు. పాత తెగిన ముక్కలు అతికించి టేపు చుట్టి చెట్టుకొమ్మకు వేలాడదీస్తే మొదటి పెద్ద వానకే బయటపడుతుంది. స్తంభం నుంచి ఇంటిదాకా ఒకే ముక్క వేయమని అడగండి. కన్నడలో: "జాయింట్ బేడ, హొస కేబుల్ హాకి." టెక్నీషియన్లలో తెలుగు వచ్చినవాళ్ళు చాలామందే ఉంటారు, అయినా రెండు కన్నడ ముక్కలు పని తేలిక చేస్తాయి.

*కనెక్టర్ రంగు.* ఫైబర్ చివర పచ్చది, నీలంది అని రెండు రకాలు. పచ్చ కనెక్టర్ పచ్చ సాకెట్‌లోనే, నీలం నీలంలోనే. పచ్చదాని కొన ఏటవాలుగా కోసి ఉంటుంది, నీలంలో పెడితే మధ్యలో సందు మిగిలి వెలుతురు పోతుంది.

*ఆప్టికల్ పవర్.* ఇంటికి చేరే వెలుతురు ఎంతో చెప్పే కొలత ఇది, అన్నిటికన్నా ముఖ్యమైంది. టెక్నీషియన్ దగ్గర పవర్ మీటరుంటుంది, "పవర్ ఎష్టు బర్తా ఇదె?" అని అడగండి. అంకె మైనస్‌లో చెబుతాడు. మైనస్ పక్కన అంకె చిన్నదైతే వెలుతురు ఎక్కువ.

- మైనస్ 15 నుంచి మైనస్ 22 దాకా: నిశ్చింత.
- మైనస్ 23 నుంచి మైనస్ 25: నడుస్తుంది, వానాకాలంలో ఇబ్బంది పెట్టొచ్చు. జాయింట్లు మళ్ళీ చూడమనండి.
- మైనస్ 26, 27: అంచు మీద ఉంది. సంతకం పెట్టొద్దు.
- మైనస్ 8 కన్నా ఎక్కువ వెలుతురు: ఇదీ చెడ్డదే, ఇంట్లో ఫైబర్ వచ్చి చేరే డబ్బా కళ్ళు జిగేలుమని పనిచేయదు. చాలా అరుదు.

ప్రతి 3 డీబీకి వెలుతురు సగమవుతుంది. ఇవాళ మైనస్ 19 ఉన్నది ఆర్నెల్లకు మైనస్ 25 అయిందంటే ఇంటికి చేరే వెలుతురులో నాలుగోవంతే మిగిలింది.

ఫైబర్ కొనలోకి కన్ను పెట్టి చూడొద్దు, పిల్లల్ని చూడనివ్వొద్దు. అందులో వచ్చే లేజర్ కంటికి కనపడదు. తెగిన గాజు ముక్కను చేత్తో తీయొద్దు.

4. మొదటి రోజే రాసిపెట్టుకోవాల్సిన అంకెలు

ఫోన్‌లో ఒక నోట్ తెరిచి ఇవన్నీ రాసి, ఫోటోలు జతచేయండి. ఆరోగ్యంగా ఉన్నప్పటి కొలత మన దగ్గరుంటేనే జబ్బు చేసినప్పుడు తేడా చూపించగలం.

- కస్టమర్ ఐడీ, రిజిస్టరైన మొబైల్ నంబరు.
- డబ్బా అడుగున స్టిక్కర్ ఫోటో: సీరియల్ నంబరు, అడ్మిన్ పేజీ (బ్రౌజర్‌లో తెరిచే రూటర్ సెట్టింగుల పేజీ) అడ్రసు, పాస్‌వర్డ్.
- ఆప్టికల్ పవర్, తేదీతో.
- ల్యాన్ వైరు మీద తీసిన స్పీడ్: డౌన్‌లోడ్, అప్‌లోడ్, పింగ్ (ఒక సందేశం వెళ్ళి జవాబు రావడానికి పట్టే సమయం).
- మామూలుగా ఏయే లైట్లు వెలుగుతాయో చూపే ఫోటో.
- పీపీపీఓఈ (కంపెనీ నెట్‌లోకి రూటర్ లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్ నేమ్, పాస్‌వర్డ్. ఇవి వాడే కనెక్షన్ అయితే టెక్నీషియన్‌ను అడిగి రాయించుకోండి.
- మీ ఫైబర్ ఏ స్తంభం నుంచి, ఏ డబ్బా నుంచి వస్తుందో ఒక ఫోటో. తర్వాత వచ్చే కొత్త టెక్నీషియన్‌కు ఇది గంట పని తగ్గిస్తుంది.

అడ్మిన్ పేజీ సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.100.1 దగ్గర తెరుచుకుంటుంది. అందులో ఆప్టికల్ సమాచారం పేజీ ఉంటే "ఆర్‌ఎక్స్ పవర్" (ఇంటికి చేరే ఆప్టికల్ పవర్) మీరే చూసుకోవచ్చు. నెలకోసారి చూసి రాయండి. నెలనెలా ఒకటి రెండు డీబీలు దిగిపోతుంటే ఎక్కడో నీరు చేరుతుండొచ్చు, లైన్ పూర్తిగా తెగకముందే ఫిర్యాదు పెట్టొచ్చు.

5. వైఫై సరిచేసుకోవడం

ముందు తేల్చాల్సింది ఒకటే: తప్పు లైన్‌దా, వైఫైదా? ల్యాప్‌టాప్‌ను ల్యాన్ వైరుతో రూటర్‌కు కలిపి, వీపీఎన్ ఆపి, మిగతా ఫోన్లు డిస్కనెక్ట్ చేసి స్పీడ్ చూడండి. వైరు మీద పూర్తిగా వచ్చి వైఫై మీద రాకపోతే కంపెనీని తిట్టి లాభం లేదు.

ఎంత పెద్ద ప్లానైనా వైరు మీద 94, 95 దగ్గరే ఆగిపోతోందా? అది 100 ఎంబీపీఎస్ పోర్టు లక్షణం. రూటర్ పోర్టు గిగాబిట్‌ది కాకపోవచ్చు, లేదా ల్యాన్ వైరులోని ఎనిమిది తీగల్లో నాలుగే పనిచేస్తుండొచ్చు. క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 వైరు మార్చి చూడండి, ఎస్పీ రోడ్‌లో దొరుకుతుంది.

వైఫైలో రెండు దారులు. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది, నెమ్మది. 5 గిగాహెర్ట్జ్ వేగం, రెండు కాంక్రీటు గోడలకే నీరసపడుతుంది. రెండింటికీ వేరువేరు పేర్లు పెడితే ఏ పరికరం ఎక్కడుందో తెలుస్తుంది. టీవీ, పని చేసుకునే ల్యాప్‌టాప్ 5లో. గీజర్ స్విచ్, కెమెరా, దూరపు గది ఫోన్ 2.4లో.

2.4లో ఛానల్ 1, 6, 11 మాత్రమే ఒకదాని మీద ఒకటి పడవు. పీజీలు, అపార్ట్‌మెంట్లు ఆనుకుని ఉన్న చోట ఒక్క గదిలోనే ముప్పై వైఫై పేర్లు కనిపిస్తాయి. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ వేసి, ఆ మూడింట్లో రద్దీ తక్కువున్నది పెట్టి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గించండి.

దూరపు గదికి మధ్యలో రిపీటర్ పెట్టడం చవకే. కానీ అది ఒకే ఛానల్ మీద విని మళ్ళీ అరుస్తుంది కాబట్టి స్పీడ్ దాదాపు సగమవుతుంది. ల్యాన్ వైరు లాగి రెండో రూటర్ పెట్టడమే మేలు. పాత రూటర్ ఉంటే ఇలా:

1. రెండో రూటర్‌ను విడిగా ల్యాప్‌టాప్‌కు కలిపి అడ్మిన్ పేజీ తెరవండి.
2. దాని అడ్రసును మొదటిదాంతో గొడవపడకుండా 192.168.1.2 లాగా మార్చండి. మొదటిది 192.168.100.1 అయితే ఇది 192.168.100.2.
3. డీహెచ్‌సీపీ (ఫోన్లకు అడ్రసులు పంచే పని) ఆపేయండి.
4. మొదటి రూటర్ నుంచి వచ్చే వైరును దీని ల్యాన్ పోర్టులో పెట్టండి, వ్యాన్ (బయటి నుంచి నెట్ వచ్చే) పోర్టులో కాదు.
5. వైఫై పేరు, పాస్‌వర్డ్ మొదటిదానిలాగే ఉంచి, ఛానల్ మాత్రం వేరుగా పెట్టండి.

మూడో మెట్టు మరిస్తే కొన్ని ఫోన్లకు నెట్ వచ్చి కొన్నిటికి రాదు. నాలుగో మెట్టు తప్పితే రెండు ఇళ్ళు కట్టినట్టవుతుంది: ఈ గదిలోని ఫోన్‌కు ఆ గదిలోని ప్రింటర్ కనపడదు.

6. కరెంటు పోయినా నెట్ ఉండాలంటే

రూటర్ అడాప్టర్ మీద వోల్టులు, ఆంపులు చూడండి. ఎక్కువగా 12 వోల్టులు, 1 నుంచి 2 ఆంపులు. అదే వోల్టేజి, అంతకు తగ్గని ఆంపులు ఇచ్చే మినీ యూపీఎస్ కొనండి. 12 వోల్టుల డబ్బాకు 9 వోల్టులది పనిచేయదు. పిన్ను సైజూ సరిపోవాలి.

ఎంతసేపు వస్తుందో ఇలా లెక్కవేయండి. డబ్బా మీద 8,800 ఎంఏహెచ్ అని ఉంటే దాన్ని 3.7తో గుణించి 1,000తో భాగిస్తే సుమారు 32.5 వాట్ అవర్లు. అందులో ఐదోవంతు వృథా తీసేస్తే 26. రూటర్ 8 వాట్లు తింటే మూడు గంటలకు పైమాట. ఫైబర్ డబ్బా, వైఫై రూటర్ విడివిడిగా ఉంటే రెండింటినీ లెక్కలో వేయాలి. రెండోదాన్ని మరిచిపోయి యూపీఎస్‌ను తిట్టేవాళ్ళే ఎక్కువ.

ఇన్వర్టర్ ఉన్నా మినీ యూపీఎస్ దండగ కాదు. కరెంటు మారే ఆ క్షణంలో డబ్బా ఆరిపోతే మళ్ళీ లేవడానికి రెండు మూడు నిమిషాలు, ఈలోపు మీటింగ్‌లో మీ పేరు పిలుస్తారు. కోత ఎప్పటిదాకానో తెలుసుకోవడానికి బెస్కామ్ (బెంగళూరు కరెంటు సంస్థ) నంబరు 1912.

7. నెట్ పోయింది: లైట్లు చూసి జబ్బు పట్టడం

ముందు ఒక హెచ్చరిక. డబ్బా వెనక సన్న రంధ్రంలోని రీసెట్ బటన్‌ను పిన్నుతో నొక్కొద్దు. అది సెట్టింగులన్నీ, పీపీపీఓఈ పాస్‌వర్డ్‌తో సహా చెరిపేస్తుంది. వీధిలో వైరు బాగైనా మీ ఇంట్లో నెట్ రాదు. స్విచ్ ఆపి, నిమిషం ఆగి వేయడం వేరు, రీసెట్ వేరు.

*ఎల్ఓఎస్ దగ్గర ఎర్ర లైటు.* ఇంటికి వెలుతురు రావట్లేదు. వెనక ఫైబర్ నలిగిందా, ఊడిందా చూడండి, అంతవరకే మన పని. పక్కింటివాళ్ళకూ పోయిందా అడగండి. వాళ్ళకూ పోతే స్తంభం దగ్గరో అంతకు ముందో తెగింది. మీకొక్కరికే పోతే స్తంభం నుంచి మీ ఇంటిదాకా ఉన్న వైరే. కారణాలు తెలిసినవే: విరిగిపడ్డ కొమ్మ, ఎత్తైన లారీ, ఎలుక, మెట్రోకో డ్రైనేజీకో తవ్వే జేసీబీ, స్తంభాల మీద అనుమతి లేని కేబుళ్ళు కోసేసే బెస్కామ్ సిబ్బంది. ఫిర్యాదులో "నెట్ లేదు" అనకుండా "ఎల్ఓఎస్ రెడ్, పక్కింటికీ లేదు" అనండి. "రెడ్ లైట్ బర్తా ఇదె, ఎష్టు హొత్తిగె బర్తీరా?" అంటే ఎప్పుడొస్తారో కూడా చెబుతారు.

*పాన్ లైటు ఆగి ఆగి వెలగడం.* వెలుతురు వస్తోంది, కంపెనీ మిషన్ మీ డబ్బాను గుర్తించట్లేదు. వెలుతురు అంచు మీదుండటమో, డబ్బా మార్చాక సీరియల్ నంబరు వాళ్ళ సిస్టంలో ఎక్కించకపోవడమో కారణం.

*పాన్ నిలకడగా, ఇంటర్నెట్ లైటు ఎర్రగా లేదా ఆరిపోయి.* ముందు యాప్‌లో బిల్లు గడువు చూడండి, సిగ్గుపడాల్సిన పనిలేదు. కట్టి ఉంటే పీపీపీఓఈ లాగిన్ తప్పి ఉండొచ్చు, లేదా కంపెనీ సర్వర్ పడిపోయి ఉండొచ్చు.

*అన్నీ పచ్చగా, పేజీలు మాత్రం తెరుచుకోవు.* కమాండ్ ప్రాంప్ట్‌లో ping 8.8.8.8 అని కొట్టండి (8.8.8.8 గూగుల్ సర్వర్ అడ్రసు). జవాబు వస్తే లైన్ బాగుంది, పేర్లను అడ్రసులుగా మార్చే డీఎన్‌ఎస్ పోయింది. రూటర్‌లో డీఎన్‌ఎస్‌ను 1.1.1.1, 8.8.8.8కు మార్చండి.

*కాల్ మధ్యలో తెగడం.* చిక్కంతా ఇందులోనే, టెక్నీషియన్ వచ్చేసరికి అన్నీ బాగుంటాయి కాబట్టి. రెండు పింగ్ కిటికీలు తెరిచి ఒకదాంట్లో రూటర్ అడ్రసు, రెండోదాంట్లో 8.8.8.8 అరగంట నడపండి.

- రూటర్ పింగే తడబడితే: వైఫై తప్పు. 5కు మారండి, లేదా ల్యాన్ వైరు వేసుకోండి.
- రూటర్‌ది నిలకడగా ఉండి 8.8.8.8 తెగితే: లైన్ తప్పు. ఆర్‌ఎక్స్ పవర్ మొదటి రోజు అంకెతో పోల్చండి. స్క్రీన్‌షాట్ తీయండి.
- రెండూ ఒకేసారి రెండు మూడు నిమిషాలు పోయి వస్తే: డబ్బా తనంతట తనే ఆగి లేస్తోంది. అడ్మిన్ పేజీలో "అప్‌టైమ్" చూడండి. నిన్నటి నుంచి ఆపకపోయినా పది నిమిషాలే చూపిస్తుంటే నీరసపడ్డ అడాప్టర్‌ను అనుమానించండి. అదే వోల్టేజిది ఇంకోటి పెట్టి చూస్తే తేలిపోతుంది.

*రాత్రి 8 నుంచి 11 మధ్యే నెమ్మది.* ఒక ఫైబర్‌లో వచ్చే 2.5 గిగాబిట్లను 32 ఇళ్ళు, ఒక్కోచోట 64 ఇళ్ళు పంచుకుంటాయి. అక్కడో, పైన ఆపరేటర్ కొన్న బ్యాండ్‌విడ్త్ దగ్గరో ఇరుకైంది. వారం రోజులు పొద్దున 10కి, రాత్రి 9కి వైరు మీద స్పీడ్ తీసి రాయండి. పద్నాలుగు అంకెల పట్టిక పంపితే "మా దగ్గర అంతా బాగుంది" అన్న జవాబు చెల్లదు. అయినా మారకపోతే కంపెనీ మార్చడమే, దీనికి ఇంట్లో చేయగల మందు లేదు.

*ఆఫీసు వీపీఎన్ కలుస్తుంది, పేజీలు తెరుచుకోవు.* పీపీపీఓఈ లైన్‌లో గరిష్ఠ ప్యాకెట్ సైజు 1,500 బైట్లు కాదు, 1,492. వీపీఎన్ దానిపైన తన బరువు పెడుతుంది. వీపీఎన్ ఎంటీయూను (గరిష్ఠ ప్యాకెట్ సైజును) 1,400కు తగ్గించమని ఆఫీసు ఐటీవాళ్ళను అడగండి. మొబైల్ హాట్‌స్పాట్ మీద అదే వీపీఎన్ బాగా నడిస్తే అనుమానం బలపడినట్టే.

*ఊళ్ళో ఉండి ఇక్కడి కెమెరా చూడలేకపోవడం.* రూటర్‌లో కనిపించే వ్యాన్ అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ ఇంటికి సొంత పబ్లిక్ అడ్రసు లేదు, ఒకే అడ్రసును చాలామంది పంచుకుంటున్నారు. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి కెమెరాకు దారి ఇచ్చే రూటర్ సెట్టింగు) ఎన్నిసార్లు పెట్టినా పనిచేయదు. క్లౌడ్ యాప్ ఉన్న కెమెరా వాడండి, లేదా స్టాటిక్ ఐపీ (మీకే సొంతమైన, మారని పబ్లిక్ అడ్రసు) విడిగా కొనండి.

ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు రెండో కనెక్షన్ కూడా పెట్టుకుంటారు. మంచిదే, కానీ రెండు వైర్లూ ఒకే స్తంభం మీదుగా వస్తే ఒకే కొమ్మకు రెండూ తెగుతాయి. రెండోది వేరే వైపు నుంచి వచ్చేదో, 5జీ మీద నడిచేదో అయితేనే అర్థముంది.

8. ఫిర్యాదు మెట్లు

1. యాప్‌లోనో ఫోన్‌లోనో ఫిర్యాదు పెట్టి డాకెట్ (ఫిర్యాదు) నంబరు తీసుకోండి. టెక్నీషియన్ సొంత నంబరుకు ఫోన్ చేస్తే పని తొందరగా కావచ్చు, కానీ రికార్డు ఉండదు. రెండూ చేయండి.
2. బాగు కాకుండానే "పరిష్కరించాం" అని మెసేజ్ వస్తే వెంటనే మళ్ళీ తెరిపించండి, స్క్రీన్‌షాట్ దాచండి.
3. ట్రాయ్ (టెలికం నియంత్రణ సంస్థ) 2012 నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీకీ అప్పిలేట్ అథారిటీ (అప్పీళ్ళు తేల్చే విభాగం) ఉండాలి. గడువులోగా పరిష్కారం కాకపోయినా, జవాబు నచ్చకపోయినా 30 రోజుల్లోపు అప్పీలు చేయండి. ఫీజు లేదు. అప్పీలును 39 రోజుల్లో తేల్చాలి.
4. అక్కడా తేలకపోతే టెలికం శాఖకు సీపీగ్రామ్స్ (కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల) పోర్టల్‌లో ఫిర్యాదు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.
5. ఆఖరికి జిల్లా వినియోగదారుల కమిషన్. టెలికం కంపెనీల మీద అక్కడికి వెళ్ళొచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. సేవకు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు.

చాలామంది నేరుగా ట్రాయ్‌కి రాస్తారు. ట్రాయ్ నిబంధనలు పెడుతుంది, ఒక్కొక్కరి ఫిర్యాదు తీర్చదు. ఆ ఉత్తరం వృథా.

ఫిర్యాదు ఇలా ఉంటే చాలు: "కస్టమర్ ఐడీ ఫలానా. 3వ తేదీ సాయంత్రం 6:20 నుంచి ఎల్ఓఎస్ ఎర్రగా ఉంది. డాకెట్ ఫలానా. 5న పరిష్కరించామని మెసేజ్ వచ్చింది, ఇప్పటికీ లైటు అలాగే ఉంది, ఫోటో జతచేశాను. లైన్ బాగుచేసి, పోయిన రోజులకు గడువు పొడిగించండి." కోపం అక్కర్లేదు, తేదీలు చాలు.

9. ఇల్లు మారేటప్పుడు

కొత్త ఇంట్లో అదే కంపెనీకి ఖాళీ పోర్టు ఉందో లేదో పది పదిహేను రోజుల ముందే అడగండి. ఉంటే షిఫ్టింగ్ రిక్వెస్ట్, చార్జీ ఎంతో ముందే తెలుసుకుని. లేకపోతే రద్దు. కట్టిన డబ్బులో మిగిలిన నెలల సంగతి రాతలో అడగండి.

- రద్దు కోరిన రిక్వెస్ట్ నంబరు దాచుకోండి. "ఫోన్‌లో చెప్పేశాను" అన్నది లెక్కలోకి రాదు.
- డబ్బా ఇచ్చేటప్పుడు అడాప్టర్, రిమోట్ లాంటివన్నీ కలిపి ఫోటో తీసి, సీరియల్ నంబరు రాసిన రసీదు తీసుకోండి. రసీదు లేకుండా టెక్నీషియన్ చేతికి ఇవ్వొద్దు.
- గోడకున్న ఫైబర్ కోసేయొద్దు. కొనకు మూత పెట్టించి గుండ్రంగా చుట్టి ఉంచితే తర్వాత అద్దెకొచ్చేవాళ్ళకు పనికొస్తుంది, ఓనర్ అడ్వాన్స్‌లో కోయడానికి ఓ సాకూ తగ్గుతుంది.
- డిపాజిట్ ఏ బ్యాంకు ఖాతాకు రావాలో రాసి ఇవ్వండి.
- యూపీఐ యాప్‌లో ఆటోపే, కార్డు మీద స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ రెండూ చూసి రద్దు చేయండి. కనెక్షన్ ఆగినంత మాత్రాన ఆటోపే దానంతటదే ఆగదు.